వేలు తెగినప్పుడు ఎవరు ఎవరిని పట్టుకుంటారు?

కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయంలో, ఆదివారం సాయంత్రం, ప్యాథాలజీ డాక్టరు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.

అందరికీ నమస్కారం. ముందు వరసంతా పిల్లలే ఉన్నారు, చాలా సంతోషం. బయట అరుగు మీద కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందాండీ? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

మాటల్లోకి వెళ్లేముందు ఒక పని చేద్దాం. ఈ బల్ల మీద స్టాండులో రెండు గాజు గొట్టాలున్నాయి. ఎడమవైపు దాంట్లో ఉన్నది నా రక్తమే. గంట క్రితం, మీరెవరూ రాకముందు, ల్యాబ్‌లో పనిచేసే ఈ తమ్ముడు తీశాడు. దాని మీద తువ్వాలు కప్పి ఉంచుతున్నాను, చివర్లో తీస్తాను. కుడివైపుది ఖాళీ గొట్టం. కడిగి ఆరబెట్టిన మామూలు గాజు గొట్టం, లోపల ఏ మందూ లేదు. ఇప్పుడు మీ ముందే రెండు మిల్లీలీటర్లు తీసి అందులో పోస్తాం. కానివ్వు తమ్ముడూ. అయింది. టైమెంత? ఆరూ పది. పాపా, నీ చేతికి వాచీ ఉంది కదా, ఆరున్నర అవగానే నాకు చెప్పాలి. అప్పటిదాకా ఆ గొట్టాన్ని ఎవరూ కదపొద్దు.

సరే. కూర తరుగుతుంటే కత్తిపీట తగిలి వేలు తెగింది. రక్తం వచ్చింది. గట్టిగా నొక్కి పట్టుకున్నాం. కాసేపటికి ఆగింది. ఎందుకు ఆగింది? చెప్పండి, ఎవరైనా. గాలి తగిలి ఎండిపోయింది అంటున్నారు ఎవరో వెనకాల. చాలామంది అలాగే అనుకుంటారండీ. మరి తలుపు సందులో వేలు పడితే గోరు కింద నల్లగా గడ్డ కడుతుంది కదా, అక్కడికి గాలి ఎలా వెళ్లింది? గడ్డకట్టడం అంటే ఎండిపోవడం కాదు. అది ఒక పని. లోపల ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని చేసే పని. ఆ ఇద్దరి గురించే ఇవాళ చెబుతాను. ఒకటి ప్లేట్‌లెట్, రెండోది ఫైబ్రిన్.

పెద్దవాళ్లకి 86 వరదలు గుర్తుండే ఉంటాయి. 1986 ఆగస్టు. ఏటిగట్టు ఎక్కడ తెగుతుందోనని రాత్రిళ్లు లాంతర్లు పట్టుకుని కాపలా కాశారు. గండి పడితే ఏం చేసేవాళ్లు? ముందు దొరికినన్ని ఇసుక బస్తాలు తెచ్చి వేసేవాళ్లు. కానీ ఉత్త బస్తాలు నిలుస్తాయా? ఆ ఉరవడికి ఒక్కొక్కటే కొట్టుకుపోతుంది. అందుకని సరుగుడు కర్రలు దిగేసి, తాళ్లతో అల్లి, ఆ అల్లిక వెనక బస్తాలు పేర్చేవాళ్లు. బస్తాలు లేకపోతే అల్లిక సందుల్లోంచి నీళ్లు పోతాయి. అల్లిక లేకపోతే బస్తాలు పోతాయి. ఈ బొమ్మ మనసులో పెట్టుకోండి. ఇది మనకి చాలా దూరం పనికొస్తుంది. ఒక చోట మాత్రం పనికిరాదు, అది ఎక్కడో అక్కడికి వచ్చాక చెబుతాను.

ప్లేట్‌లెట్ అంటే ఏమిటి? పుస్తకాల్లో రక్తఫలకిక అని రాస్తారు. చిన్న బిళ్ల. ఎంత చిన్నదంటే, మిల్లీమీటరు పొడుగున పక్కపక్కన పేర్చితే నాలుగు వందల దాకా పడతాయి. ఎముక మూలుగలో పెద్ద పెద్ద కణాలుంటాయి, వాటి నుంచి తునకలుగా విడిపోయి రక్తంలోకి వస్తాయి. తునక కాబట్టి దానికి కేంద్రకం ఉండదు. వారం, పది రోజులు బతుకుతుంది, అంతే. మైక్రోలీటరుకి, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతుకి, లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. మీ రిపోర్టులో కౌంట్ అని ఉండేది ఈ అంకే. వేలి నుంచి జారే ఒక్క బొట్టులో కోటి దాకా ఉంటాయి. ఇటలీలో బిజ్జొజెరో అనే శాస్త్రవేత్త 1882లో వీటిని విడిగా గుర్తించి, బతికున్న జంతువు సన్నటి రక్తనాళంలో దెబ్బ తగిలిన చోట ఇవి ఎలా గుమిగూడుతున్నాయో మైక్రోస్కోపులో చూసి రాశాడు. అప్పటిదాకా వీటిని చూసినవాళ్లలో చాలామంది ఇవి చెత్త అనుకున్నారు.

ఇక రెండోది. ఫైబ్రిన్ మన రక్తంలో సిద్ధంగా తిరగదు, తిరిగితే ప్రాణమే పోతుంది. తిరిగేది దాని ముడిసరుకు, ఫైబ్రినోజెన్. కాలేయం తయారుచేస్తుంది. రక్తంలోని పసుపు ద్రవం లీటరుకి రెండు నుంచి నాలుగు గ్రాములు. మూడు గ్రాములు అనుకోండి. అరచెంచా కూడా ఉండదు. ఆ కాస్త పదార్థం లీటరు ద్రవాన్ని జున్నులా నిలబెడుతుంది! నేను 30 ఏళ్లు ఈ పాఠం చెప్పాను, ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు వేలు తెగింది. నాళం గోడ చిరిగి, కింద ఉండే కొల్లాజెన్ అనే పీచు బయటపడింది. మామూలుగా రక్తానికి అది కనపడదు. కనపడగానే వాన్ విల్లెబ్రాండ్ కారకం అనే ఒక పొడుగాటి ప్రోటీన్ దాన్ని అంటుకుంటుంది, పక్కనుంచి వేగంగా పోయే ప్లేట్‌లెట్లు ఆ ప్రోటీన్‌కి చిక్కి నెమ్మదిస్తాయి. చిక్కినవి మేలుకుంటాయి. బిళ్లలా నున్నగా ఉన్నది కాస్తా ఒళ్లంతా సన్నటి వేళ్లు చాపుతుంది. తనలో దాచుకున్న ఏడీపీ లాంటి పదార్థాలు బయటికి వదిలి మిగతావాటిని పిలుస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, అసలు విషయం ఇదే. ఒక్కో ప్లేట్‌లెట్ ఒంటి మీద ఒక రకం చేతులు సుమారు 80 వేలు ఉంటాయి. ఎన్ని? 80 వేలు. నిద్రలో ఉన్నప్పుడు ఆ చేతులు ముడుచుకుని ఉంటాయి. మేలుకోగానే విచ్చుకుంటాయి. విచ్చుకుని దేన్ని పట్టుకుంటాయి? పక్క ప్లేట్‌లెట్‌ని కాదు. ఫైబ్రినోజెన్‌ని! ఫైబ్రినోజెన్ కర్రలా పొడుగ్గా ఉంటుంది, దానికి రెండు కొసలు. ఈ కొస ఒక ప్లేట్‌లెట్ చేతిలో, ఆ కొస ఇంకో ప్లేట్‌లెట్ చేతిలో. కావిడికి రెండు వైపులా రెండు కుండలున్నట్టు. అంటే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి నేరుగా అతుక్కోవు, మధ్యలో ఫైబ్రినోజెన్ ఉండాలి. మనం ముందు ప్లేట్‌లెట్లు వస్తాయి, తర్వాత ఫైబ్రిన్ వస్తుంది అని రెండు మెట్లుగా పిల్లలకి చెబుతాం. పరీక్షకి అది సరిపోతుంది. కానీ మొదటి మెట్టు మీద కూడా ఫైబ్రిన్ చుట్టం ఉన్నాడు, అది మర్చిపోవద్దు.

మరి ఆ ముడిసరుకు పోగు ఎలా అవుతుంది? త్రాంబిన్ అనే ఎంజైమ్ వస్తుంది. ఫైబ్రినోజెన్ మధ్య భాగంలో చిన్న చిన్న ముక్కలు మూతల్లా ఉంటాయి, అవి ఉన్నంతసేపు ఒకదానికొకటి అతుక్కోవు. త్రాంబిన్ ఆ మూతలు కత్తిరిస్తుంది. అంతే, అతుక్కోవడం మొదలు. ఎలా అతుక్కుంటాయి? అంబాజీపేట వైపు వెళ్తే కొబ్బరి పీచుతో తాడు పేనడం చూస్తారు. పీచు పోగు ఒక్కటీ జానెడు ఉండదు, తాడు మాత్రం పడవని కట్టేస్తుంది. ఎలాగ? ఒక పోగు సగానికి వచ్చేసరికి ఇంకో పోగు కలుపుతారు. కొసకి కొస కలిపితే తెగిపోతుంది, సగానికి సగం ఒరిస్తే తెగదు. ఫైబ్రిన్ కూడా అచ్చంగా అంతే! ఒకటి సగం దాటేసరికి పక్కన రెండోది. అలా సన్నటి నూలు, నూలు కలిసి తాడు, తాళ్లు కలిసి వల. పైగా 13వ కారకం అని రక్తంలోని ఇంకో ప్రోటీన్ వచ్చి పక్కపక్క పోగులకి కుట్లు వేస్తుంది. ఆ పోగు రెండింతలకు పైగా సాగినా తెగదు.

త్రాంబిన్ ఎక్కడ తయారవుతుంది? ఎక్కువభాగం ఆ మేలుకున్న ప్లేట్‌లెట్ల ఒంటి మీదే. వాటి పైపొరలో లోపలివైపు దాగి ఉండే ఒక కొవ్వు పదార్థం బయటివైపుకి తిరుగుతుంది. దాని మీద, కాల్షియం సాయంతో, గడ్డకట్టించే కారకాలన్నీ చేరి త్రాంబిన్ వండుతాయి. అంటే ప్లేట్‌లెట్టే పొయ్యి. ఆ పొయ్యి మీద తయారైన త్రాంబిన్ ఒక పక్క ఫైబ్రిన్ చేస్తుంది, ఇంకో పక్క మరిన్ని ప్లేట్‌లెట్లని లేపుతుంది. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరికి సాయం? గాయం దగ్గరే వల పడుతుంది, ఒళ్లంతా పడదు. ఎందుకంటే పొయ్యి గాయం దగ్గరే ఉంది.

ఇప్పుడు ఇందాక చెప్పిన చోటికి వచ్చాం. గండి బొమ్మ పనికిరాని చోటు. ఇసుక బస్తా వేసిన చోట పడి ఉంటుంది. తాడుని పట్టుకుని లాగదు కదా? ప్లేట్‌లెట్ లాగుతుంది! అంతర్వేది ఒడ్డున అలివి వల లాగడం చూసే ఉంటారు. సముద్రంలో వల, ఒడ్డు మీద మనుషులు, ఒక చెయ్యి వదిలి ఇంకో చెయ్యి ముందుకేసి, మళ్లీ ఈ చెయ్యి వదిలి ఆ చెయ్యి ముందుకేసి. ప్లేట్‌లెట్ ఆ సన్నటి వేళ్లు చాపి ఫైబ్రిన్ పోగుని పట్టుకుని, అచ్చం అలాగే, చెయ్యి మార్చి చెయ్యి, తన వైపుకి గుంజుకుంటుంది. మన కండలో ఉండే యాక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్లే దాని కడుపులోనూ ఉన్నాయి. ఇంత చిన్న తునకలో కండబలం! వల ముడుచుకుంటుంది. మధ్యలో చిక్కిన ఎర్రకణాలు ఒత్తుకుని ఒత్తుకుని గుండ్రదనం పోయి పలకలు తేలతాయి. నీరు బయటికి పిండినట్టు వచ్చేస్తుంది. గాయం అంచులు దగ్గరికి వస్తాయి.

ఈ లాగుడుకి శక్తి కావాలి. కణాలకి ఆ శక్తిని అందించే పదార్థం పేరు ఏటీపీ. 1929లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి అమెరికాలో హార్వర్డ్‌లో పనిచేస్తూ దాన్ని కండరంలోంచి వేరుచేసిన మనిషి ఎవరు? యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో పుట్టింది ఎక్కడ? మన భీమవరంలో. ఆ 1929లోనే జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనిపెట్టాడు. పిల్లలూ, మీ వేలి మీద పెచ్చు కట్టినప్పుడు లోపల ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. ఈ జిల్లాల్లో ప్రతి బళ్లో ఆయన ఫోటో ఉండాలని నా కోరిక.

ఇప్పుడు ఒక అమ్మాయి గురించి చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. చాలా ఏళ్ల కిందటి మాట. పన్నెండు, పదమూడేళ్లుంటాయి. తల్లి తీసుకొచ్చింది. చిన్నప్పటి నుంచి ముక్కు వెంట రక్తం. పళ్లు ఊడినప్పుడల్లా దిండు తడిసేది. ఇప్పుడు పెద్దమనిషి అయింది, పదిహేను రోజులైనా ఆగడం లేదు. కళ్లు పాలిపోయి, గోడ పట్టుకుని నడుస్తోంది. రెండు మూడు చోట్ల చూపించారు. అన్నిచోట్లా కౌంట్ తీశారు. రెండున్నర లక్షలు. కౌంట్ బాగానే ఉందమ్మా, భయం లేదు, టానిక్ వాడండి అన్నారు. ఆ తల్లి చీర కొంగులోంచి మడతలు పడిన ఆ కాగితాలు తీసి నా బల్ల మీద పరిచింది. "అంతా బాగుందంటారు బాబూ, మరి పిల్ల ఇలా అయిపోతోందేంటి?" అంది.

నేను వేలు గుచ్చి, ఒక బొట్టు నేరుగా గాజు పలక మీద పూశాను. మామూలుగా అలా పూస్తే ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా కనపడతాయి. తీర్థంలో జనంలాగా. ఈ పిల్ల పలక మీద ఎటు తిప్పినా ఒంటరిగా ఉన్నాయి. ఇక్కడొకటి, అక్కడొకటి. ఒక్క గుంపు లేదు. ఇదిగో ఇలాంటి గొట్టంలోనే రక్తం పోసి వెచ్చగా ఉంచాం. గడ్డ కట్టింది. గంట అయింది, రెండు గంటలైంది. గొట్టం నిండా అలాగే ఉంది. ముడుచుకోలేదు. చుక్క నీరు వదల్లేదు.

ప్లేట్‌లెట్లు ఉన్నాయి. ఫైబ్రినోజెన్ ఉంది. లేనిదేమిటి? చేతులు. ఆ 80 వేల చేతులు పుట్టుకతోనే లేవు. 1918లో స్విట్జర్లాండ్‌లో గ్లాంజ్‌మాన్ అనే పిల్లల వైద్యుడు దీన్ని రాశాడు, కౌంట్ సరిగ్గానే ఉంటుంది, గడ్డ మాత్రం ముడుచుకోదు అని. ఆయన పేరుతోనే ఆ జబ్బుని పిలుస్తున్నాం. తర్వాత పెద్ద ల్యాబ్‌కి పంపితే అదే అని తేలింది. అరుదైన జబ్బు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ కలిస్తేనే వస్తుంది. ఒకే ఇంటి రక్తంలో పెళ్లిళ్లు జరిగిన చోట అలా కలిసే అవకాశం ఎక్కువ. ఆ పిల్ల తల్లిదండ్రులది మేనరికం. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదండీ. మా ఇంట్లోనూ ఉన్నాయి మేనరికాలు. పెళ్లి మాట అనుకునేముందు ఆ ఇంట్లో ఇలా రక్తం ఆగని పిల్లలు ఎవరైనా ఉన్నారా అని అడగమంటున్నాను, అంతే.

ఆ అమ్మాయికి ఏం చేశాం? ముందు రక్తం ఎక్కించాం. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ జాతి నొప్పి మాత్రలు జన్మలో ముట్టొద్దని కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చాం. ట్రానెక్సామిక్ ఆసిడ్ ఇచ్చాం. అది ఏం చేస్తుంది? ప్లేట్‌లెట్‌కి చేతులు మొలిపించదు. కట్టిన ఫైబ్రిన్ వలని శరీరం కరిగించేయకుండా ఆపుతుంది. ఒకరి పట్టు లేనప్పుడు రెండోవాళ్లనైనా కాపాడుకోవడం. ఆ తర్వాత నెలనెలా మాత్రలతో సర్దుకుంది.

ఆరున్నర అయిందా పాపా? అయింది. అందరూ ఇటు చూడండి. ఈ కుడివైపు గొట్టాన్ని ఒక్కసారి, నెమ్మదిగా, ఒరిగిస్తున్నాను. పారిందా? పారలేదు. గట్టిగా నిలబడింది. ఇరవై నిమిషాల పరీక్ష అంటే ఇదేనండీ. కరెంటు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు. గొట్టం మాత్రం గాజుదే అయ్యుండాలి, ప్లాస్టిక్‌లో లెక్క తప్పుతుంది. దీన్ని ఎక్కువగా ఎవరికి చేస్తాం? పాము కరిచినవాళ్లకి. మన చేలల్లో ఉండే రక్తపింజర విషం గడ్డకట్టించే కారకాల్ని ఉన్నపళంగా ఎగదోస్తుంది. ఒళ్లంతా ఎక్కడపడితే అక్కడ త్రాంబిన్. ఉన్న ఫైబ్రినోజెన్ అంతా కొద్దిసేపట్లో ఖర్చు. తర్వాత ప్లేట్‌లెట్ చెయ్యి చాపినా పట్టుకోవడానికి పోగు ఉండదు. గొట్టం ఒరిగిస్తే నీళ్లలా పారుతుంది. అలా పారితే విషానికి విరుగుడు ఇంజెక్షన్ వెంటనే మొదలుపెట్టాలి. కోతల రోజుల్లో ఎవరికైనా కరిస్తే దయచేసి కాటు మీద కోత పెట్టొద్దు. గడ్డకట్టని రక్తం ఉన్న మనిషికి కోత పెడితే ఏమవుతుందో ఆలోచించండి. తాడు బిగించొద్దు, మంత్రం కోసం తిప్పొద్దు. కదలకుండా పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి. మొదటిసారి గడ్డ కట్టినా ఇంటికి పంపించెయ్యరు, మళ్లీ మళ్లీ చూస్తారు. విసుక్కోవద్దు.

డెంగ్యూ సంగతి అడుగుతారని నాకు తెలుసు. వానలు పడ్డాయంటే ఫోన్లన్నీ కౌంట్ గురించే. 60 వేలకి వచ్చింది డాక్టరుగారూ, ప్లేట్‌లెట్లు ఎక్కించమంటారా అని. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ రక్తస్రావం లేని మనిషికి ఆ అంకె చూసి ఎక్కించక్కర్లేదు. డెంగ్యూలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు కౌంట్ కాదు, నాళాల్లోంచి నీరు కారిపోయి బీపీ పడిపోవడం. జ్వరం తగ్గిన రోజునే అది మొదలవుతుంది. తగ్గింది కదా అని ఊరుకుంటాం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు, చిగుళ్ల వెంట రక్తం, ఇవి చూడండి. బొప్పాయి ఆకు రసం తాగిస్తూ ఇంట్లో కూర్చోవద్దు.

గుండెపోటు గురించి ఒక్క మాట. ఇదే పని, తప్పు చోట. గుండె నాళంలో కొవ్వు పొర పగిలితే ప్లేట్‌లెట్లు అక్కడ గాయం ఉందనుకుని చేరతాయి. వల పడుతుంది. గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఫైబ్రిన్ వలని కోస్తుంది, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌ని ఆపుతుంది, ఇద్దరున్నారు కాబట్టే రెండు మందులు. ఆలస్యమైతే ఎందుకు కరగదు? లాగి లాగి బిగించేశాయి కదా, కుట్లు కూడా పడ్డాయి, మందు లోపలికి దూరదు. అందుకే ఛాతీ బరువెక్కితే గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగొద్దు. గుండె డాక్టరు ఆస్పిరిన్ రాస్తే మీ అంతట మీరు మానెయ్యొద్దు.

ఇక తువ్వాలు తీస్తున్నాను. ఇది గంటన్నర కిందటి రక్తం. పోసినప్పుడు గొట్టం గోడల్ని అంటుకుని నిండా ఉంది. ఇప్పుడు చూడండి. గోడలు వదిలేసి మధ్యలోకి ముడుచుకుంది, పండు మిరపకాయంత అయింది. చుట్టూ లేత పసుపు రంగు నీరు. ఆ నీరు ఎవరూ పొయ్యలేదు, లోపలివాళ్లు లాగి పిండినదే. ఇప్పటికీ లాగుతూనే ఉంటారు.

పిల్లలు ముందు, తర్వాత పెద్దవాళ్లు. ఒక్కొక్కరే వరసగా రండి. గొట్టం ముట్టుకోవద్దు, ఈ కిటికీ వైపు నుంచి వెలుతురులో చూడండి. తమ్ముడూ, ఆ ట్యూబ్‌లైటు కూడా వెయ్యి.